గీటురాయి మీద శాస్త్రం

1936వ సంవత్సరం వేసవిలో అమెరికాలోని ‘ఫిజికల్ రివ్యూ’ అనే భౌతికశాస్త్ర పత్రిక కార్యాలయానికి ఒక పరిశోధనా పత్రం చేరింది. పంపినవారు ఇద్దరు: ప్రిన్స్‌టన్‌లో స్థిరపడిన ఆల్బర్ట్ ఐన్‌స్టీన్, ఆయన సహాయకుడు నేథన్ రోజెన్. గురుత్వాకర్షణ తరంగాలనేవి ప్రకృతిలో ఉన్నాయా అన్న ప్రశ్నను చేపట్టి, లేవని గణితం ద్వారా తేల్చినట్లు ఆ పత్రం చెబుతున్నది. ఇరవై సంవత్సరాల క్రితం, తన సాపేక్ష సిద్ధాంతం ఆధారంగా, అటువంటి తరంగాలు ఉండి తీరాలని చెప్పినవాడు కూడా ఐన్‌స్టీనే.

పత్రిక సంపాదకుడు జాన్ టేట్‌కు ధర్మసంకటం ఎదురైంది. రచయిత విశ్వవిఖ్యాతుడు. ఆయన పేరు అచ్చులో కనబడటమే పత్రికకు గౌరవం. అయినా టేట్ ఆ పత్రాన్ని నేరుగా ముద్రణకు ఇవ్వలేదు. ఆ విషయంలో లోతైన పాండిత్యం గల మరొక శాస్త్రజ్ఞునికి పంపి, అభిప్రాయం కోరాడు. పది పుటల విమర్శ తిరిగి వచ్చింది. గణితంలో ఒకచోట పొరపాటు జరిగిందనీ, తరంగాలు లేవన్న నిర్ణయం నిలవదనీ దాని సారాంశం. టేట్ దాన్ని రచయితకు పంపి సమాధానం అడిగాడు.

ఐన్‌స్టీన్‌కు ఆగ్రహం వచ్చింది. పత్రాన్ని ప్రచురణకు పంపామే గాని, అచ్చుకు ముందే ఇతరులకు చూపే అధికారం ఇవ్వలేదని ఘాటుగా జాబు వ్రాసి, పత్రాన్ని వెనక్కు తీసుకొన్నాడు. జర్మనీలో ఆయన ఎరిగిన పత్రికలలో అంతటివారి రచనను మరొకరు పరీక్షించే ఆనవాయితీ లేదు.

కొన్ని వారాలు గడిచాయి. ఆ పత్రం మరొక పత్రికలో అచ్చుకు సిద్ధమవుతున్నది. ఈలోగా హోవర్డ్ రాబర్ట్‌సన్ అనే శాస్త్రజ్ఞుడు ప్రిన్స్‌టన్‌కు తిరిగివచ్చాడు. ఐన్‌స్టీన్ వద్ద కొత్తగా చేరిన సహాయకుడు లియొపోల్డ్ ఇన్‌ఫెల్డ్‌తో మాటల సందర్భంలో, ఆ గణితంలో లోపం ఎక్కడున్నదో చూపించాడు. ఇన్‌ఫెల్డ్ వెళ్ళి చెప్పేసరికి, తనకు కూడా అందులో తప్పు కనిపించిందని ఐన్‌స్టీన్ అన్నాడు. పత్రాన్ని సవరించాడు. 1937లో ఫ్రాంక్లిన్ సంస్థ పత్రికలో అది వెలువడినప్పుడు శీర్షిక మారింది, నిర్ణయం తలక్రిందులయింది. తరంగాలు ఉండవచ్చునన్నదే కొత్త నిర్ణయం. 2015 సెప్టెంబరు 14న అమెరికాలోని లైగో పరికరాలు ఆ తరంగాలను మొదటిసారి పట్టుకొన్నాయి.

టేట్ పంపిన పది పుటల విమర్శను వ్రాసినవాడు రాబర్ట్‌సనే. ఆ సంగతి 2005లో డేనియల్ కెనెఫిక్ అనే శాస్త్రచరిత్రకారుడు పత్రిక పాత రిజిస్టరును ఆధారం చేసుకొని వెల్లడించే వరకు లోకానికి తెలియలేదు. అప్పటికి రాబర్ట్‌సన్ మరణించి నాలుగు దశాబ్దాలు దాటింది. ఒక మహామేధావి పేరు మీద తప్పు నిర్ణయం లోకంలో పాతుకుపోకుండా అడ్డుపడిన ఆ మనిషికి ప్రతిఫలం ముట్టలేదు. పేరు రాలేదు. ఆయన దాన్ని ఆశించనూ లేదు.

తెర వెనుక న్యాయస్థానం

ఒక పరిశోధకుడు తన ఫలితాలను పత్రికకు పంపినప్పుడు, సంపాదకుడు వాటిని అదే రంగంలో పనిచేసే ఇద్దరు ముగ్గురు నిపుణులకు పంపుతాడు. ఇంగ్లీషులో దీనినే ‘పీర్ రివ్యూ’ అంటారు. తోటివారి సమీక్ష అని మనం చెప్పుకోవచ్చు. సమీక్షకుల పేర్లు సాధారణంగా రచయితకు తెలియనివ్వరు. కొన్ని పత్రికలలో రచయిత పేరు కూడా సమీక్షకులకు తెలియదు. ప్రయోగం జరిపిన తీరు సరిగా ఉన్నదా, లెక్కలు కుదిరాయా, సాక్ష్యానికి మించిన నిర్ణయం చేశారా, పూర్వులు చేసిన కృషిని విస్మరించారా అని వారు పరిశీలిస్తారు. ప్రచురించవచ్చుననో, ఫలానా సవరణలు చేస్తేనే తగుననో, బొత్తిగా తగదనో అభిప్రాయం వ్రాస్తారు. తుది నిర్ణయం సంపాదకునిది. ఈ పనికి సమీక్షకులు సాధారణంగా జీతం పుచ్చుకోరు. నేడు తాను ఒకరి పత్రాన్ని పరీక్షిస్తే, రేపు తన పత్రాన్ని మరొకరు పరీక్షిస్తారన్న పరస్పర ధర్మం మీదనే ఇదంతా నడుస్తున్నది.

భావం మనకు కొత్తది కాదు. భారతీయ శాస్త్రగ్రంథాలలో ఏ సిద్ధాంతాన్ని స్థాపించదలచినా ముందుగా పూర్వపక్షాన్ని చెప్పాలి. ప్రత్యర్థి వేయగల బలమైన ఆక్షేపణను తానే ఎత్తి చూపి, దానికి సమాధానం చెప్పిన తరువాతనే సిద్ధాంతానికి నిలువనీడ దొరికేది. కంసాలి బంగారాన్ని గీటురాయి మీద గీసి చూసినంత మాత్రాన తెచ్చినవాణ్ణి దొంగ అన్నట్టు కాదు. గీయనిదే వన్నె తెలియదు.

పాశ్చాత్య దేశాలలో మాత్రం ఇది మెల్లమెల్లగా రూపుకట్టింది. లండన్ రాయల్ సొసైటీ కార్యదర్శి హెన్రీ ఓల్డెన్‌బర్గ్ 1665లో ‘ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్’ పత్రికను ప్రారంభించినప్పుడు ఏది అచ్చువేయాలో ఆయనే నిర్ణయించుకొనేవాడు. 1752లో ఆ బాధ్యతను సొసైటీ ఒక సంఘానికి అప్పగించింది. వ్రాతపూర్వకమైన సమీక్షలు 1830ల ప్రాంతంలో మొదలయ్యాయి. ఇరవయ్యవ శతాబ్దం మధ్యకు వచ్చినా అన్ని పత్రికలూ ఈ నియమాన్ని పాటించలేదు. డి.ఎన్.ఏ. నిర్మాణాన్ని వివరిస్తూ 1953లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన వాట్సన్, క్రిక్‌ల సుప్రసిద్ధ పత్రం బయటి సమీక్షకులకు వెళ్ళనే లేదు. ఆ పత్రిక సమీక్షను తప్పనిసరి చేసింది 1973లో.

శాస్త్రజ్ఞులు తమలో తాము జరుపుకొనే ఈ తతంగంతో సామాన్యునికి ఏమి పని అన్న సందేహం కలగవచ్చు. వైద్యుడు మందుచీటీ వ్రాసేటప్పుడు, ఇంజనీరు వంతెనకు ఎంత ఉక్కు కావాలో లెక్కకట్టేటప్పుడు, వ్యవసాయాధికారి ఫలానా విత్తనం వేయమని రైతుకు చెప్పేటప్పుడు, ఎవరో ఎక్కడో జరిపిన పరిశోధన ఫలితాన్నే వాడుకొంటున్నారు. రోగి ఆ ప్రయోగాన్ని మళ్ళీ చేసి చూడలేడు. రైతుకు ఆ పత్రం చదివే అవకాశమే ఉండదు. తాము చేయలేని సందేహాన్ని తమ తరఫున తెలిసినవాడు ఒకడు చేశాడన్న నమ్మకమే వారికి ఆధారం. ఆ నమ్మకం వమ్మయితే నష్టపోయేది పత్రిక చదివినవాడు కాదు, మందు మింగినవాడు.

పేరు చూసి కాదు, పని చూసి

సమీక్ష ఎలా జరగాలో చెప్పటానికి ఐన్‌స్టీన్ జీవితంలోనే మరొక ఘట్టం ఉన్నది. అందులో ఆయన పరీక్షింపబడినవాడు కాదు, పరీక్షించినవాడు.

1924 జూన్‌లో ఢాకా విశ్వవిద్యాలయం నుంచి ఆయనకు ఒక జాబు వచ్చింది. వ్రాసినవాడు సత్యేంద్రనాథ బోసు. వయస్సు ముప్పై. ఐరోపాలో ఆయన పేరు వినినవారు బహు తక్కువ. జాబుతో పాటు చిన్న పత్రం ఒకటి ఉన్నది. కాంతి కణాలను లెక్కించే ఒక కొత్త పద్ధతి ద్వారా, మాక్స్ ప్లాంక్ సూత్రాన్ని పాత భౌతికశాస్త్రంతో నిమిత్తం లేకుండా సాధించినట్లు అందులో ఉన్నది. తగినదని తోస్తే ప్రచురణకు ఏర్పాటు చేయవలసిందని బోసు ప్రార్థించాడు.

ఐన్‌స్టీన్ పంపినవాని హోదాను విచారించలేదు. పత్రాన్ని చదివాడు. తర్కం నచ్చింది. స్వయంగా జర్మన్ భాషలోకి అనువదించి, ఇది ముఖ్యమైన ముందడుగని తన మాట జతచేసి, ఒక ప్రముఖ జర్మన్ పత్రికలో అచ్చువేయించాడు. బోస్–ఐన్‌స్టీన్ గణాంక విధానం పుట్టింది ఆ విధంగానే. ఆ కోవకు చెందిన కణాలను నేటికీ ప్రపంచమంతటా ‘బోసాన్లు’ అని బోసు పేరుతో పిలుస్తున్నారు.

అనామకుని పత్రంలో సత్యముంటే దానికి పీట వేయాలి. మహామహుని పత్రంలో తప్పుంటే దాన్ని ఎత్తి చూపాలి. 1924లో ఢాకా జాబుకు, 1936లో ప్రిన్స్‌టన్ పత్రానికి జరిగిన న్యాయం ఒక్కటే. రెండుచోట్లా చదివినవాడు పేరును పక్కన పెట్టి పనిని చూశాడు. పేరుకు, పదవికి, సంస్థకు లొంగినచోట ఏమి జరుగుతుందో మన దేశమే ఒకసారి చవిచూసింది.

హిమాలయాల మీద పరదేశి శిలాజాలు

చండీగఢ్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయంలో విశ్వజిత్ గుప్త అనే శిలాజశాస్త్రాచార్యుడు ఉండేవాడు. 1960ల నుంచి ఇంచుమించు పాతికేళ్ళ కాలంలో హిమాలయ శిలాజాలపై ఆయన పేరిట మూడు వందలకు పైగా పత్రాలు వెలువడ్డాయి. దేశవిదేశాలలోని నిపుణులు వందమందికి పైగా ఆయనకు సహరచయితలుగా ఉన్నారు. హిమాలయ శిలాజాల విషయం ఎవరు వ్రాసినా ఆయన పత్రాలను ఉదాహరించవలసిందే.

శిలాజాలంటే గాజు బీరువాలో అలంకరించుకొనే వింత రాళ్ళు మాత్రమే కావు. ఏ పొరలో ఏ ప్రాణి అవశేషం దొరికిందో చూసి ఆ రాతి వయస్సును నిర్ణయిస్తారు. ఆ వయస్సుల ఆధారంగా భూవిజ్ఞాన పటాలు గీస్తారు. ఒకప్పటి సముద్రాలు ఎక్కడ ఉండేవో, ఖండాలు ఎలా కదిలి హిమాలయాలు ఎలా లేచాయో ఊహిస్తారు. పునాదిలో నాలుగు రాళ్ళు దొంగవైతే కట్టడమంతా సందేహాస్పదమవుతుంది.

1989 ఏప్రిల్‌లో ‘నేచర్’ పత్రికలో ఆస్ట్రేలియాలోని మెక్వారీ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ టాలెంట్ ఒక వ్యాసం ప్రకటించాడు. హిమాలయాలలో దొరికాయని గుప్త ప్రకటించిన శిలాజాలలో పలు నమూనాలు అక్కడివి కానే కావని ఆయన ఆరోపణ. కొన్ని నత్తగుల్ల ఆకారపు శిలాజాలు మొరాకోలోని ఎర్ఫూద్ ప్రాంతంలో విస్తారంగా దొరికే రకానికి అచ్చుగుద్దినట్లు సరిపోతున్నాయి. అటువంటివి పారిస్ దుకాణాలలో అమ్మకానికి కూడా ఉంటాయి. కోనోడాంట్లనే సూక్ష్మ దంతాకార శిలాజాలు న్యూయార్క్ రాష్ట్రంలోని ఆమ్స్‌డెల్ క్రీక్ అనే వాగు వద్ద దొరికేవాటితో పోలుతున్నాయి. వందల మైళ్ళ దూరంలో ఉన్న వేరువేరు స్థలాల పేర్లతో ఒకే నమూనా కనబడటం కూడా ఆయన ఎత్తి చూపాడు. గుప్త ఈ ఆరోపణలను ఖండించాడు. విశ్వవిద్యాలయం జరిపించిన విచారణలో దోషిగా తేలాడు. అయినా పదవీ విరమణ వరకు ఉద్యోగంలో కొనసాగాడు.

ఇన్ని పత్రాలు ఇన్ని పత్రికలలో సమీక్షలు దాటి ఎలా అచ్చయ్యాయన్నదే ఇక్కడ ఆలోచించవలసిన ప్రశ్న. సమాధానం కొంత సరళంగానే ఉన్నది. సమీక్షకుని ముందుకు వచ్చేది కాగితం. అందులో శిలాజాల ఛాయాచిత్రాలు నిజమైన శిలాజాలవే. వాటి పేర్లను గుర్తించిన విదేశీ నిపుణులు నిజాయితీపరులే. శిలాజం ఏ కొండ మీద దొరికిందన్న ఒక్క విషయమే అబద్ధం. ఆ ఒక్క విషయాన్ని అందరూ ఒకరి మాట మీద నమ్మారు. స్థలాల వివరాలు అస్పష్టంగా ఉండేవి. సరిహద్దు ప్రాంతాలు కనుక విదేశీయులు వెళ్ళి చూడటం సులభం కాదు. సహరచయిత తన ముందుకు వచ్చిన రాయిని మాత్రమే చూశాడు. సమీక్షకుడు సహరచయితల కీర్తిని చూశాడు. సంపాదకుడు సమీక్షకుని సంతకాన్ని చూశాడు. అందరూ చూసినదేమో ముక్కలు. మొత్తానికి జవాబుదారీ ఎవరూ లేరు.

అయినా ఈ కథలో ఆశాజనకమైన అంశం ఒకటున్నది. మోసాన్ని బయటపెట్టింది పోలీసులు కారు, న్యాయస్థానం కాదు. ఒక తోటి శిలాజశాస్త్రజ్ఞుడే పాత పత్రాలను ముందు పెట్టుకొని, ఛాయాచిత్రాలను పోల్చి చూసి, బహిరంగంగా ప్రశ్న వేశాడు. తోటివారి సమీక్ష పత్రం అచ్చయిన రోజుతో ముగియదు. అసలు పరీక్ష ఆనాడే మొదలవుతుంది. విచారకరమైన విషయమేమంటే ఆ ప్రశ్న పాతికేళ్ళు ఆలస్యంగా వచ్చింది.

పదమూడు రోజుల గందరగోళం

శిలాజాల విషయంలో పాతికేళ్ళు పట్టిన పని, ప్రాణాల విషయంలో రెండు వారాలలోపున జరిగిన సందర్భం ఇటీవలిదే. 2020 మే 22న లండన్‌కు చెందిన ‘లాన్సెట్’ వైద్య పత్రికలో ఒక పత్రం వెలువడింది. కోవిడ్ వ్యాధితో ప్రపంచం అల్లల్లాడుతున్న రోజులవి. మలేరియాకు వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్ కోవిడ్‌కు పనిచేస్తుందేమోనన్న ఆశతో అనేక దేశాలలో ప్రయోగాలు జరుగుతున్నాయి. మన దేశంలో వైద్యసిబ్బందికి ముందుజాగ్రత్తగా ఆ మందును ఇవ్వవచ్చునని భారత వైద్య పరిశోధనా మండలి అదే సంవత్సరం మార్చిలో సూచించింది. ఆ మందు ఇచ్చిన రోగులలో మరణాలు ఎక్కువగా ఉన్నాయన్నది లాన్సెట్ పత్రంలోని నిర్ణయం. ఆరు ఖండాలలోని 671 ఆసుపత్రులలో 96,032 మంది రోగుల వివరాలను పరిశీలించి ఈ విషయం తేల్చామని రచయితలు చెప్పారు. వివరాలను సమకూర్చింది సర్జిస్ఫియర్ అనే అమెరికన్ సంస్థ.

మూడు రోజులలో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ప్రయోగంలో ఆ మందు వాడకాన్ని తాత్కాలికంగా నిలిపివేసింది. కాని ఆ అంకెలను శ్రద్ధగా చదివిన శాస్త్రజ్ఞులకు అనుమానం కలిగింది. ఆస్ట్రేలియాలో అయిదు ఆసుపత్రులలో 73 మంది మరణించినట్లు పత్రంలో ఉన్నది. అదే తేదీ నాటికి ఆస్ట్రేలియా దేశమంతటా నమోదయిన కోవిడ్ మరణాలు 67 మాత్రమే. మే 28న వందమందికి పైగా శాస్త్రజ్ఞులు బహిరంగ లేఖ వ్రాశారు. మూల వివరాలను చూపవలసిందిగా కోరారు. స్వతంత్ర పరీక్షకులకు వాటిని అందజేయటానికి సర్జిస్ఫియర్ నిరాకరించింది. జూన్ 4న నలుగురు రచయితలలో ముగ్గురు ఆ పత్రాన్ని ఉపసంహరించారు. ఆ ముందురోజే ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ప్రయోగాన్ని తిరిగి కొనసాగించటానికి నిర్ణయం తీసుకొన్నది.

ఆ మందు కోవిడ్ రోగులకు మేలు చేయదని చివరకు తేలింది. కాని తేల్చింది ఆ పత్రం కాదు, బ్రిటన్‌లోను ఇతరత్రాను పద్ధతి ప్రకారం జరిగిన పెద్ద ప్రయోగాలు. నిర్ణయం కాకతాళీయంగా నిజానికి దగ్గరగా ఉన్నంత మాత్రాన ఆధారం లేని పత్రం శాస్త్రం కాదు. పరీక్ష వ్రాసిన విద్యార్థి లెక్క చేయకుండా జవాబు మాత్రం వ్రాస్తే ఉపాధ్యాయుడు మార్కులు వేయడు కదా.

ఈ ఉదంతం తరువాత లాన్సెట్ తన నిబంధనలను బిగించింది. ఒకరికంటె ఎక్కువమంది రచయితలు మూల వివరాలను స్వయంగా చూచి ధ్రువీకరించాలని, పెద్ద గణాంకాలున్న పత్రాలకు వాటిలో ఆరితేరిన సమీక్షకుడు ఉండాలని నియమించింది. మన దేశంలో 2009 జూన్ నుంచి మందుల ప్రయోగాలను మొదలుపెట్టక ముందే ప్రభుత్వ జాబితాలో నమోదు చేయాలన్న నియమం ఉన్నది. ఏమి వెదకబోతున్నారో ముందే వ్రాసిపెట్టినవారికి, దొరికినదాన్నే వెదికామని తరువాత చెప్పుకొనే వీలుండదు.

మంచి పత్రాన్ని త్రోసిపుచ్చినప్పుడు

సమీక్ష వల్ల అపకారం జరిగిన సందర్భాలు లేకపోలేదు. న్యూయార్క్‌లోని ఒక సైనికుల ఆసుపత్రిలో పనిచేసే రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్‌లు 1955లో ఒక కొత్త విషయం కనిపెట్టారు. ఇన్సులిన్ ఇంజక్షన్లు పుచ్చుకొన్న రోగుల రక్తంలో ఇన్సులిన్‌కు వ్యతిరేకంగా ప్రతిరక్షకాలు పుడుతున్నాయి. ఇన్సులిన్ వంటి చిన్న అణువుకు అది అసాధ్యమని ఆనాటి పండితుల విశ్వాసం. ఒక ప్రముఖ పత్రిక ఆ పత్రాన్ని త్రిప్పి పంపింది. రెండవ పత్రిక కూడా మొదట కాదన్నది. చివరకు శీర్షికలో ప్రతిరక్షకమన్న మాటను తీసివేస్తేనే 1956లో అది అచ్చయింది.

ఆ పరిశోధన నుంచే రక్తంలో అత్యల్ప పరిమాణంలో ఉండే హార్మోన్లను కొలిచే పద్ధతి పుట్టింది. థైరాయిడ్ వ్యాధుల నిర్ధారణలో, మధుమేహ పరిశోధనలో, రక్తదాతల రక్తాన్ని పరీక్షించటంలో అది పెద్ద మలుపు అయింది. 1977లో యాలోకు నోబెల్ బహుమతి వచ్చింది. బెర్సన్ అప్పటికే మరణించాడు. బహుమతి స్వీకార సమయంలో చేసిన ప్రసంగంలో ఆమె ఆ తిరస్కార లేఖను లోకానికి చూపించింది.

సమీక్షకుడు కూడా మనిషే. తన సిద్ధాంతం మీద మమకారం, తోటివాడు ముందుకు పోతున్నాడన్న అసూయ, తీరిక లేకపోవటం అతనికీ ఉంటాయి. కొత్తదాన్ని చూచి జంకే గుణం పండితులలో మరీ ఎక్కువ. కాని యాలో, బెర్సన్‌లు ఏమి చేశారు? పరీక్షే వద్దని వారు అనలేదు. మరిన్ని సాక్ష్యాలు చూపి అదే పరీక్షలో నెగ్గారు. తక్కెడలో దోషముంటే తక్కెడను సరిచేసుకొంటాం. తూకం మానేసి కంటికి కనబడినంత బేరం పెట్టుకోము.

అంగట్లో ముద్రలు

తూచకుండానే తూచినట్లు ముద్ర వేసి ఇచ్చే వ్యాపారమే నేటి పెద్ద బెడద. ఉద్యోగానికి, పదోన్నతికి, పరిశోధనా పట్టానికి ఇన్ని పత్రాలు ఉండాలని విశ్వవిద్యాలయాలు లెక్కపెట్టటం ప్రారంభించగానే, డబ్బు పుచ్చుకొని ఏ పత్రాన్నయినా అచ్చువేసే పత్రికలు పుట్టగొడుగుల్లా లేచాయి. వాటి పేర్లు గంభీరంగా ఉంటాయి. అంతర్జాతీయమన్న మాట దాదాపు తప్పదు. నిపుణుల సమీక్ష ఉన్నదని మొదటి పుటలోనే ప్రకటన ఉంటుంది.

ఈ విషయంలో తెలుగు గడ్డ కూడా తలవంచుకోవలసి వచ్చింది. హైదరాబాదు కేంద్రంగా వందలాది పత్రికలను నడిపిన ఓమిక్స్ సంస్థ మీద అమెరికా ప్రభుత్వ వాణిజ్య సంఘం 2016లో దావా వేసింది. సమీక్ష విషయంలోను, సంపాదకవర్గంలో ఎవరున్నారన్న విషయంలోను, రచయితలు చెల్లించవలసిన రుసుము విషయంలోను మోసపుచ్చారన్నది అభియోగం. 2019 మార్చిలో అమెరికా న్యాయస్థానం ఆ సంస్థకు, దాని అధిపతికి వ్యతిరేకంగా అయిదు కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పు ఇచ్చింది.

ఇటువంటి పత్రికలను ఏరివేయటానికి విశ్వవిద్యాలయ నిధుల సంఘం కొన్నేళ్ళపాటు ఆమోదిత పత్రికల జాబితాను నిర్వహించింది. 2025 ఫిబ్రవరిలో దాన్ని రద్దుచేసి, మంచిచెడ్డలు నిర్ణయించుకొనే భారాన్ని విశ్వవిద్యాలయాలకే వదిలింది. జాబితా ఉన్నా లేకున్నా, పత్రాలను తూకంవేసి జీతాలు పెంచే చోట నకిలీ ముద్రలకు గిరాకీ తగ్గదు. ఆచార్యుడు ఎన్ని పత్రాలు వ్రాశాడన్న ప్రశ్న సులభం. వాటిలో ఒక్కటైనా చదివి, ఇందులో కొత్తగా తేలిన సత్యమేమిటని అడగటానికి శ్రమపడాలి. ఆ శ్రమ పేరే సమీక్ష.

ఈ వ్యాపారంలో నష్టపోయేవాడు డబ్బు కట్టిన రచయిత ఒక్కడే కాదు. ఎవరూ చూడని పత్రాన్ని చూపించి ఒకడు మందు అమ్ముతాడు. మరొకడు ఎరువు అమ్ముతాడు. శాస్త్రీయంగా నిరూపితమని డబ్బా మీద అచ్చువేస్తాడు. పత్రిక పేరు విని సామాన్యుడు నమ్ముతాడు. క్రమంగా మోసాలు బయటపడేకొద్దీ, మంచి శాస్త్రాన్ని కూడా నమ్మని స్థితికి వస్తాడు. నకిలీ నాణెం చేసే గొప్ప అపకారం అదే. అది చేతులు మారినకొద్దీ అసలు నాణెం విలువ కూడా పడిపోతుంది.

అడగదగిన ప్రశ్న

పాఠశాల చదువు చదివిన ప్రతి పౌరుడూ పరిశోధనా పత్రాలు చదివి తప్పొప్పులు నిర్ణయించాలని ఎవరూ ఆశించరు. కాని కొన్ని ప్రశ్నలు అడగటానికి పాండిత్యం అక్కరలేదు. ఈ మాట ఎక్కడ ప్రకటించారు? దాన్ని సంబంధం లేని నిపుణులు పరీక్షించారా? మూల వివరాలను ఇతరులకు చూపించారా? మరొకచోట మరొకరు చేసి చూస్తే అదే ఫలితం వచ్చిందా? పత్రికలో ఒక వింత వార్త చదివినప్పుడు, అంగడిలో ఒక డబ్బా చేతికి తీసుకొన్నప్పుడు, ప్రభుత్వం ఒక పథకానికి శాస్త్రం పేరు చెప్పినప్పుడు ఈ ప్రశ్నలు అడిగే పౌరులున్న దేశంలో నకిలీ ముద్రల వ్యాపారం ఎంతోకాలం సాగదు.

విశ్వవిద్యాలయాలు చేయవలసింది మరికొంత ఉన్నది. సమీక్ష వ్రాయటాన్ని కూడా విద్వత్ కార్యంగా లెక్కించాలి. ఒక యువ పరిశోధకుడు తన ఆచార్యుని పత్రంలో తప్పు చూపితే, అతని భవిష్యత్తుకు ముప్పు రాని వాతావరణం ఉండాలి. తప్పు ఒప్పుకొని పత్రాన్ని ఉపసంహరించుకొన్నవానికి అది అవమానమన్న భావం పోవాలి. ఐన్‌స్టీన్ కోపంతో పత్రం వెనక్కు తీసుకొన్నాడు, నిజమే. కాని తప్పు తెలిసిన తరువాత తన నిర్ణయాన్ని పట్టుకు వ్రేలాడలేదు. సవరించుకొన్నాడు. ఆయన గొప్పతనం అందువల్ల వెంట్రుకవాసి తగ్గలేదు.

మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో గురుత్వాకర్షణ తరంగాలను పట్టుకొనే మరొక పెద్ద పరికరాన్ని నెలకొల్పటానికి కేంద్ర ప్రభుత్వం 2023లో ఆమోదం తెలిపింది. ఒకనాడు లేవని అచ్చు కాబోయిన తరంగాల కోసమే అంత ప్రజాధనం, అంత శ్రమ. ఆ పొరపాటును సకాలంలో పట్టుకొన్నది ఎవరూ పేరెరుగని ఒక సమీక్షకుడు, తన పని కట్టిపెట్టి, మరొకరి లెక్కను వరుస వరుసగా సరిచూచిన కొద్ది రోజుల శ్రమ.